ఉతికిన టెంటు

మరక కనిపిస్తే పిన్ని చెయ్యి ఊరుకోదు. ఏళ్ళ తరబడి డ్రై క్లీనింగ్ షాపులో ఆమె చేస్తున్న పనే అది. టీ మరక వేరు, గ్రీజు మరక వేరు, సిరా మరక వేరు. రక్తానికి చన్నీళ్ళే వాడాలి, పొరపాటున వేడినీళ్ళు తగిలాయా, ఇక ఆ చొక్కా మీద ఆశ వదులుకోవలసిందే. ఇవన్నీ ఆమెకు కొట్టిన పిండి. కాబోయే భర్తతో మొదటిసారి హోటల్లో కూర్చున్నప్పుడు ఆయన చెప్పిన మాటలు ఆమె చెవికి సగమే ఎక్కాయి. మిగతా సగం సేపూ ఆయన కాలరు మీది గ్రీజు చుక్కనే చూస్తూ కూర్చుంది.

ఆయన లిఫ్టు మెకానిక్కు. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయినవాళ్ళతో తలుపు బయట నుంచి "కంగారు పడకండి, నేనున్నాగా" అనడం ఆయన ఉద్యోగంలో సగం. ఇంట్లోనూ ఆయన దగ్గరున్న మందు అదొక్కటే. కూతురు మూతి ముడుచుకున్నా కంగారు పడకండి, పొయ్యి మీద పాలు పొంగినా కంగారు పడకండి. మొదటి భార్య జబ్బుచేసి పోయాక ఇద్దరు పిల్లలతో కొన్నేళ్ళు ఈదుకొచ్చి, చివరికి ఈమెను చేసుకున్నాడు. అమ్మా అని పిలవమనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆంటీ అంటే ఎవరో పక్కింటావిడలా ఉంటుందని ఆయన అక్క అడ్డుపడింది. అలా ఈమె పిన్ని అయి కూర్చుంది. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఏడేళ్ళ బుడ్డోడికి ఆ పిలుపు రెండు రోజుల్లోనే నోట్లో నలిగిపోయింది. పన్నెండేళ్ళ పెద్దదానికి మాత్రం గొంతులో అడ్డం పడుతూనే ఉంది. ఆ పిల్ల ఎదురు చెప్పదు, అలగదు, కంచంలో పెట్టింది పెట్టినట్టు తిని "థాంక్స్" అంటుంది. హోటల్లో సర్వరుకి చెప్పినట్టు చెప్పే ఆ థాంక్స్ వింటే పిన్నికి ఒళ్ళు మండిపోయేది, ఆ వెంటనే ఏడుపొచ్చేది. ఆ పిల్ల మనసులో కాస్త చోటు ఎలా సంపాదించాలో తెలియక, చివరికి తనకు తెలిసిన విద్యే ప్రయోగించింది. అటక మీది టెంటు దించి ఉతికింది.

వేసవి సెలవుల్లో కారెక్కి పాత కోటల వెంటా అడవుల వెంటా తిరిగి, చెరువు గట్టున టెంటేసుకుని పడుకోవడం ఆ ఇంటి అలవాటు. పిల్లల అమ్మ పెట్టిన అలవాటది. ఆవిడ స్కూల్లో సోషల్ టీచరు. పుస్తకంలో చదివింది కాళ్ళతో నడిచి చూడాలన్న పిచ్చి ఆవిడది. ఆవిడ పోయాక కూడా తండ్రి ఏటా పిల్లల్ని అదే దారిన తిప్పుతున్నాడు. ఈసారి పిన్ని కూడా బయల్దేరుతోంది. టెంటు చూడబోతే మట్టికొట్టుకుపోయి, పొగవాసన కొడుతోంది. ఎవరికీ చెప్పకుండా షాపుకి పట్టుకెళ్ళి, దుప్పట్లు ఉతికే పెద్ద మెషిన్లో వేసింది. ఆరేశాక చూస్తే లోపలివైపు, తలుపు పక్కన, నల్ల సిరా గీతలు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. సబ్బుకి లొంగలేదు. స్పిరిట్టూ దూదీ మెత్తటి బ్రష్షూ ముందేసుకుని కూర్చుంది.

"టెంటు లోపల ఎవరు చూస్తారమ్మా, వదిలెయ్" అన్నాడు షాపు ఓనరు.

"లోపల పడుకునేవాళ్ళు చూస్తారు" అంది పిన్ని.

మధ్యాహ్నమంతా పట్టింది. సాయంత్రానికి ఆ గోడ మీద వెతికినా గీత దొరకలేదు. మడతపెట్టి, సంచిలో దూర్చి, తిరిగి అటకెక్కించింది. టెంటు విప్పగానే పెద్దది నోరు తెరుచుకుని చూస్తుందని, ఎవరు ఉతికారని అడుగుతుందని, అప్పుడు తాను ఏమీ పట్టనట్టు "నేనేలే" అనాలని మనసులో రిహార్సల్ కూడా వేసుకుంది.

తీరా బయల్దేరిన రోజు, కారు ఊరు దాటి, ఫ్యాక్టరీ గోడలు దాటి, పొలాల మధ్య రోడ్డెక్కింది. వెనక సీట్లో బుడ్డోడు అరచెయ్యి అద్దానికి ఆనించి వేళ్ళు బార్లా చాపాడు.

"ఈసారి సరిపోతుంది చూడక్కా."

"ఏం సరిపోదు. పోయినసారి చిటికెన వేలు దగ్గరే ఇంత ఖాళీ ఉంది."

"ఇప్పుడు పొడుగయ్యానుగా. చెప్పులు కూడా కొత్తవి కొన్నారు."

"చెప్పులు కొంటే చెయ్యి పెరుగుతుందేంట్రా?"

పిల్లల మాటల్లో దూరడానికి సందు దొరకడమే అరుదు. పిన్ని ఉబలాటంగా వెనక్కి తిరిగింది. "ఏమిట్రా సరిపోయేది?"

పెద్దది కిటికీలోంచి బయటికి చూడసాగింది. బుడ్డోడే చెప్పాడు. "అమ్మ చెయ్యి పిన్నీ! టెంట్లో ఉంటుంది. గోడకి చెయ్యి ఆనించి, చుట్టూ పెన్నుతో గీసింది అమ్మ. అక్కదీ ఉంది, నాదీ ఉంది. నాది ఇంతే ఉంటుంది, అప్పుడు బుజ్జిగా ఉండేవాణ్ణిగా. ప్రతి సంవత్సరం అమ్మ చేతిలో నా చెయ్యి పెట్టి చూసుకుంటాను. నిండిపోయిందనుకో, నేను పెద్దాణ్ణయిపోయినట్టే. నీకు కూడా చూపిస్తాలే."

పిన్ని ముందుకు తిరిగింది. ఎండగా ఉందని అద్దం ఎక్కించింది, గాలాడడం లేదని దించింది. పక్కన భర్త రోడ్డు మీది నుంచి చూపు మరల్చలేదు. ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పిల్లల అమ్మ ప్రస్తావన ఎప్పుడొచ్చినా ఆయన చెవులు అలాగే అవుతాయి. రెండో భార్య ముందు మొదటి భార్య మాట ఎత్తకపోవడం పెద్ద మర్యాద అని ఆయన నమ్మకం. పెళ్ళికి ముందే ఆవిడ ఫొటోలన్నీ గోడల మీద నుంచి తీసి ఎక్కడో దాచేశాడు. ఎక్కడని ఈమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ మంచితనం ఎంత పని చేసిందో ఇప్పుడు తెలిసొచ్చింది.

సాయంత్రానికల్లా టెంటు విప్పుతారు. ఆ సంగతి డిక్కీలోంచి ఎవరో వీపు మీద పొడుస్తున్నట్టే ఉంది పిన్నికి.

మొదటి మజిలీ పాత కోట. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది, గోడల మీద గడ్డి మొలిచింది. ద్వారం దగ్గర రాళ్ళ మీద బండిచక్రాలు అరగదీసిన గాళ్ళు ఇంకా లోతుగానే ఉన్నాయి. పెద్దది బోర్డు ముందు నిలబడి పైకి చదువుతుంటే, బుడ్డోడు గాడిలో అడుగులో అడుగేసుకుంటూ తనే బండినని అరుచుకుంటూ పోతున్నాడు. వాళ్ళు కాస్త దూరమవగానే పిన్ని భర్త మోచెయ్యి పట్టుకుని గోడ చాటుకి లాక్కుపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"స్పిరిట్టుతోనా?" అన్నాడాయన, అదేదో ముఖ్యమైనట్టు. "మొత్తం పోయిందా?"

"నా చేతిలో పడ్డాక సగం పోయి సగం ఉంటుందా?" అంది పిన్ని. ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్న మాటే అది.

ఆయన అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. పోయింది పిల్లలకు మాత్రమే కాదని, ఆయనకూ అది భార్య చెయ్యేనని పిన్నికి అప్పుడు తట్టింది. ఇంత సిగ్గు ఆమె జన్మలో పడలేదు. తిట్టినా బాగుండుననుకుంది.

ఆయన తిట్టలేదు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "కంగారు పడకు. పాతబడి దానంతటదే చెరిగిపోయిందని చెబుదాం. పెన్ను గీత ఎన్నాళ్ళుంటుంది? నువ్వు మాత్రం నోరు విప్పకు. నేను చూసుకుంటా."

"పిల్లలతో అబద్ధమా?"

"ఇప్పుడిప్పుడే పెద్దది నీ వైపు మొహం తిప్పుతోంది. ఈ ముక్క తెలిస్తే మళ్ళీ తిప్పుతుందా?"

పిన్ని జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంతో ఒప్పుకున్నట్టే అయింది. ఆయన మాట కాళ్ళకు బంధం వేసినట్టు పట్టేసింది ఆమెను.

అక్కడి నుంచి అడవి దారి. చెట్ల నీడలో రోడ్డు చల్లబడింది. బుడ్డోడు కనిపించిన ప్రతి పిట్టకీ పేరు అడుగుతున్నాడు. తండ్రికి తెలిసింది కాకి ఒక్కటే. మిగతావాటికి ఆయన అప్పటికప్పుడు పేర్లు పుట్టిస్తుంటే పెద్దది పకపకా నవ్వింది. మామూలుగా అయితే ఆ నవ్వు విని పిన్ని మురిసిపోయేది. ఇవాళ అది వినబడిన కొద్దీ డిక్కీలోని టెంటే గుర్తొస్తోంది.

అడవి మధ్యలో కొండ. కొండ మీద గుహలు. లోపల రాతి గోడ మీద ఎర్రరంగులో చేతులు. రాయడం రాని కాలంలో మనుషులు అరచెయ్యి బండకు ఆనించి, నోట్లోంచి రంగు ఊది వేసిన ముద్రలవి. పెద్దవాళ్ళవి, పిల్లలవి. అమ్మకి టెంటు గోడ మీద చేతులు గీయాలన్న ఆలోచన వచ్చింది ఇక్కడి నుంచే. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే పిన్నికి అర్థమైంది.

బుడ్డోడు తాడు కింద నుంచి దూరి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు బాబూ!" గుహల దగ్గర కాపలా ఉండే ఆవిడ గట్టిగా అరిచింది. "మన చేతి చెమట చాలు, చెరిగిపోవడానికి. ఎన్ని వేల ఏళ్ళ నుంచో ఉన్నాయి. ఒక్కసారి పోతే ఎవరు తెచ్చిస్తారు?"

"మా అమ్మది ముట్టుకోవచ్చు. చెరగని పెన్నుతో గీసింది" అన్నాడు బుడ్డోడు గర్వంగా.

పిన్ని గుహ బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది. ఇక దాచలేననుకుంది. పెద్దది బయటికి రాగానే చెప్పేయాలి, అది ఏమన్నా పడాలి. పెద్దది వచ్చింది. అంతేకాదు, ఎన్నడూ లేనిది ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. కాసేపు చెప్పు బెల్టుతో ఆడుకుంది.

"బుడ్డోడు ఒకటే గోల చేస్తున్నాడు, మీ చెయ్యి కూడా గీద్దామని" అంది, మెట్టు వైపే చూస్తూ. "నేను సరేనన్నాను. అమ్మ చెయ్యి పక్కన కాదు. కొంచెం కింద. అక్కడ చోటుంది."

పిన్ని నోరు తెరిచింది. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన మాట అది, రాక రాక ఇవాళే వచ్చింది. ఇప్పుడు నిజం చెబితే ఆ మాట వెనక్కి పోతుంది. చెప్పకపోతే సాయంత్రం దాకానైనా ఉంటుంది. ఆ కాసేపటి మీద ఆశతో ఆమె నోరు మూసుకుంది. "సరేనమ్మా" అంది. అంత పిరికి మాట ఇంకొకటి ఉండదు. ఆ సంగతి అంటున్నప్పుడే ఆమెకు తెలుసు.

చెరువు గట్టు చేరేసరికి పొద్దు వాలుతోంది. టెంటు వేయడం ఆ ఇంట్లో పెద్దదానికి ఒక్కదానికే వచ్చు. తల్లి నేర్పింది. ఆ పిల్ల రాడ్లు కలిపి, మేకులు దిగ్గొట్టి, తాళ్ళు లాగి కడుతుంటే తండ్రి సుత్తి అందించే కూలీగా మిగిలాడు. టెంటు లేచి నిలబడింది. నిండా ఉబ్బి, కొత్తదానిలా మెరుస్తోంది. పెద్దది రెండడుగులు వెనక్కి వేసి దాన్ని ఎగాదిగా చూసింది. ఈలోగా బుడ్డోడు జిప్పు లాగి లోపలికి దూరిపోయాడు.

"అక్కా" అన్నాడు లోపలి నుంచి. "ఇక్కడ లేదు."

"అటు కాదు, తలుపు పక్కన చూడు."

"తలుపు పక్కనే చూస్తున్నా. లేదు."

పెద్దది లోపలికి వెళ్ళింది. తండ్రి గుమ్మం దగ్గర వంగుని, ముందుగా అల్లుకున్న మాట వదిలాడు. "పాతబడిపోయింది కదమ్మా. ఎన్నాళ్ళని ఉంటుంది? దానంతటదే చెరిగిపోయి ఉంటుంది. కంగారు పడకు."

లోపలి నుంచి పెద్దదాని గొంతు వినిపించింది. "ఇది పొగవాసన రావాలి నాన్నా. సబ్బు వాసన వస్తోంది."

పెద్దది బయటికి వచ్చింది. దాని కళ్ళు తండ్రి మీద ఆగలేదు, నేరుగా పిన్ని చేతుల మీదికి వెళ్ళాయి. సబ్బుతో, మందులతో తెల్లగా నానిపోయి ఉండే చేతులు అవి.

"నేనే ఉతికాను" అంది పిన్ని. "మరకలనుకుని స్పిరిట్టుతో తుడిచేశాను. పొద్దున కార్లో వాడు చెప్పేదాకా నాకు తెలీదు. తెలిశాక చెప్పలేదు. నువ్వు నా పక్కన కూర్చున్నప్పుడు కూడా చెప్పలేదు. భయపడ్డాను."

బుడ్డోడు ఒకసారి అక్క మొహం, ఒకసారి పిన్ని మొహం చూశాడు. "ఆరితే మళ్ళీ వస్తుందా పిన్నీ?"

"రాదురా."

"ఎండలో పెడితే?"

"రాదు నాన్నా."

వాడు టెంటు గోడ మీద అరచేత్తో దబదబా కొట్టాడు. కొట్టి కొట్టి ఏడుపందుకున్నాడు. తండ్రి వాణ్ణి భుజాన వేసుకుని నీళ్ళ వైపు నడిచాడు. వెళుతూ కంగారు పడకు అనబోయి, ఆ మాట తనే మింగేశాడు.

పెద్దది కారెక్కి వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. పిన్ని బయటే నిలబడింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. నీళ్ళ మీద వెలుగు తగ్గుతోంది. చివరికి ముందు తలుపు తీసి, తన సీట్లో కూర్చుంది. వెనక్కి తిరగలేదు.

"అది చెయ్యి అని మీకు తెలీలేదా?" వెనక నుంచి అడిగింది పెద్దది.

తెలియలేదంటే సరిపోయేది. నమ్మేది కూడానేమో. "తెలిసింది" అంది పిన్ని. "మొదట చిన్నచేతులు తుడిచాను. పిల్లల అల్లరి అనుకున్నాను. తర్వాత పెద్ద చెయ్యి వచ్చింది. ఆడవాళ్ళ చెయ్యి అని కూడా తెలుస్తూనే ఉంది. ఎవరిదా అని ఒక్క నిమిషం ఆగితే తెలిసిపోయేది. ఆగలేదు. మరక ముందు కూర్చుంటే నాకు ఆగడం చేతకాదు. ఆగకూడదనే అనుకున్నానేమో, అది కూడా నాకు తెలీదమ్మా."

తలుపు తీసుకుని దిగిపోతుందనుకుంది పిన్ని. దిగలేదు.

"ఉంగరం వేలు ఎలా ఉంది?"

"ఏమిటి?"

"అమ్మది. ఉంగరం వేలు." ఆ పిల్ల ముందుకు వంగింది. "ఇందాకటి నుంచి గుర్తు తెచ్చుకుంటున్నాను. రావడం లేదు. ఎప్పుడూ ఉంటుంది కదా అని నేను సరిగ్గా చూడలేదు. బుడ్డోడు చెయ్యి పెట్టడమే చూసేదాన్ని. మీరు మొత్తం తుడిచారుగా. మీరు చూసే ఉంటారు."

పిన్ని కళ్ళు మూసుకుంది. చూసింది. ఆ చేతిని ఈ లోకంలో ఆఖరిసారి చూసింది తనే. ఒక్కొక్క వేలు దగ్గరా దూది ఒత్తి, సిరా కరిగేదాకా ఆగి, బ్రష్షుతో గీత వెంటే గీతగా వెళ్ళింది. కొలిచినా అంత బాగా తెలిసేది కాదు.

"ఉంగరం వేలు మొదట్లో గీత కొంచెం పక్కకి జరిగి మళ్ళీ లోపలికి వచ్చింది" అంది. "ఉంగరం ఉన్నట్టుంది, దాని చుట్టూ తిరిగొచ్చింది పెన్ను."

"ఊఁ."

"చిటికెన వేలు దానివైపు వంగి ఉంది. మిగతావి తిన్నగానే ఉన్నాయి. బొటనవేలు బాగా ఎడం. చూపుడువేలు దగ్గర గీత రెండుసార్లు పడింది, చెయ్యి అదిరినట్టు."

"నేనే కదిపాను" అంది పెద్దది. "పెన్ను నా చేతిలో ఉంది. అమ్మ చెయ్యి గీసింది నేను. చక్కిలిగిలి పెడుతున్నానని అమ్మ నవ్వింది. అప్పుడు జారింది." అని ఆగిపోయింది. అంతవరకూ ఆపుకున్నది ఇక ఆగలేదు. సీటు వెనక తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. పిన్ని చెయ్యి వెనక్కి చాపబోయింది. తనకు ఆ హక్కు లేదనిపించి ఒళ్ళోకి తీసుకుంది.

తండ్రి బుడ్డోణ్ణి ఎత్తుకుని కారు దగ్గరికి వచ్చాడు. దించిన అద్దంలోంచి ఆ మాటలు ఇద్దరికీ వినబడ్డాయి. వాడి చేతిలో పెన్ను ఉంది. పిన్ని చెయ్యి గీయడానికని అక్క తెచ్చిన పెన్నే. ఏడ్చి ఏడ్చి వాడి మొహం ఉబ్బిపోయింది. అద్దంలోంచి పెన్ను లోపలికి చాపాడు.

"పిన్నీ, నీకు తెలుసంటగా ఎలా ఉందో. మళ్ళీ గీసెయ్."

పిన్ని పెన్ను అందుకుంది. గీయగలదు. ఆ గీత ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో చేతికి ఇంకా తెలుస్తూనే ఉంది.

"వద్దు" అంది పెద్దది. "గీస్తే అది మీరు గీసిన చెయ్యి అవుతుంది. అమ్మది కాదు." మొహం తుడుచుకుంది. తలుపు తీసి, తమ్ముణ్ణి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. వాడి చెయ్యి తన అరచేతిలో వేళ్ళు విడదీసి పెట్టుకుంది. "గీయొద్దు. చెప్పండి. వీడు కూడా వినాలి. మొదటి నుంచీ చెప్పండి, అమ్మ చెయ్యి ఎక్కడ మొదలుపెట్టి తుడిచారో."

తండ్రి కారు బయటే నిలబడి అద్దం దగ్గరికి వంగాడు. పిన్ని పెన్ను మూత పెట్టేసింది. మొదలుపెట్టింది చిటికెన వేలు దగ్గర. అదే చెప్పింది.